మందు లేని గిన్నె

“బండి తాళం ఇయ్యమ్మా,” అన్నాడు నరేష్ మూడోసారి.

ఎస్తేరు ఇవ్వలేదు. తాళం ఆమె కొంగుముడిలో ఉంది. చర్చికి పోదామని కట్టుకున్న తెల్లచీర, ఒళ్లో బైబిలు, వరండా బయటి గడప మీద అడ్డంగా కూర్చుంది. ఆమెను దాటి పోవాలంటే కొడుకు తల్లిని తొక్కుకుంటూ పోవాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

“గరిడేపల్లి ఎంత దూరం? ముప్పావుగంట. పోతా, మా నాయిన గోలీలు మాకియ్యి అంటా, తెచ్చుకుంటా. ఇంకేం జేస్త, కొడ్తనా?”

“నీ మొఖం సూస్తె కొట్టెటట్టే ఉన్నవ్. కూసో.”

“ఎట్ల కూసోమంటవ్? ఆరు నెలల సంది నేను సూర్యాపేట నుంచి గోలీలు మోసుకొస్తున్న. ఆరు నెలల సంది ఈయన ఒక్కటి మింగలే! ఎవడో మల్లేష్ అంట, కోత మిషన్ డ్రైవరంట, వానికి దానం జేసిండంట!”

దానం చేసిన మనిషి వరండాలో మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. సోమయ్యకు కోపం రావడం మిర్యాలగూడ మిల్లుల్లో ఎవరూ చూడలేదు. ముప్పై ఏళ్లు వడ్లు చూసే పని చేశాడు. లారీ వస్తే చాలు, బస్తాలోంచి గుప్పెడు తీసి, ఒక గింజ పంటికింద పెట్టి తేమ ఎంతో చెప్పేవాడు. నాలుగు గింజలు అరచేతిలో వేసి బొటనవేలితో నలిపి, ఊక ఊదేసి, నూక ఎంత పోతుందో చెప్పేవాడు. సేటు తేమ కొలిచే మిషన్ తెచ్చి పెట్టాక కూడా రైతులు “సోమయ్యను పిలువుండ్రి” అనేవారు. మిషన్ ఎవరివైపైనా మొగ్గుతుందేమో గానీ ఆ బొటనవేలు మొగ్గదని వాళ్ల నమ్మకం.

ఆ బొటనవేలి కింద కండ ఇప్పుడు లేదు. అక్కడ గుంట పడింది. చాయ్ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి పట్టుకుంటున్నాడు.

పొద్దున ఎస్తేరు వడ్ల నమూనాలు దాచే పాత రేకుడబ్బా దులపబోతే అందులోంచి పన్నెండు కాగితపు పొట్లాలు బయటపడ్డాయి. ఇవేంటని అడిగితే ఆయన దాచలేదు. తన గోలీలన్నీ మల్లేష్‌కే ఇస్తున్నానని, ఇవాళ కూరేంటి అని అడిగినంత నిదానంగా చెప్పేశాడు. ఎస్తేరు వెంటనే కోదాడలో ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పే కూతురికి ఫోన్ చేసింది. గ్రేస్ దొరికిన మొదటి బస్సు పట్టుకుని వచ్చి, ఇదిగో, ఇప్పుడు లోపలి గదిలో నేల మీద కూర్చుని ఆ పొట్లాలు విప్పుతోంది.

ప్రతి పొట్లం మీదా పెన్సిలుతో నెల పేరు. ఆరింటి మీద ‘సో’ అని, ఆరింటి మీద ‘మ’ అని. లోపల వడ్లు కావు, బియ్యం. చేత్తో పొట్టు తీసిన బియ్యం.

మొదటి నెల ‘సో’ పొట్లంలో చిన్న గుప్పెడు. రెండో నెల కాస్త తక్కువ. అట్లా దిగుతూ వచ్చి ఆరో నెల పొట్లంలో తొమ్మిది గింజలు. వాటిలో రెండు విరిగిపోయాయి. ‘మ’ పొట్లాలు మాత్రం మొదటి నెల నుంచి ఆరో నెల దాకా కాస్త అటూ ఇటూగా ఒకే తీరులో ఉన్నాయి.

ఇది ఏంటో గ్రేస్‌కు ఇంకెవరూ చెప్పనక్కర్లేదు. ఇది తను నేర్పిన పాఠమే.

వరండాలో తండ్రికి పొలమారి దగ్గు వచ్చింది. ఎస్తేరు గడప మీది నుంచే చేయి చాచి నడినెత్తిన తట్టింది. “ఎవరో తలుసుకుంటున్నరు,” అంది. నరేష్ మళ్లీ తాళం అడిగాడు. గ్రేస్ పొట్లాల మీంచి కళ్లు తీయలేదు.

నిరుడు హైదరాబాదులో తన పరిశోధన అయిపోవస్తున్నప్పుడు తండ్రిని లేబుకు తీసుకుపోయింది. అప్పటికి ఈ జబ్బు ఊసే లేదు. సూక్ష్మదర్శినిలో రెండు గాజు గిన్నెలు చూపించింది. రెండింట్లోనూ నరాల కణాలే. రెండింట్లోనూ గ్లుటమేట్ అనే రసం మోతాదు మించి పోసింది. ఒక గిన్నెలో ముందే ఒక మందు కలిపింది, ఇంకో గిన్నెలో కలపలేదు. మందున్న గిన్నెలో కణాలు సన్నటి పోగులు చాపుకుని బతికున్నాయి. లేని గిన్నెలో పోగులు తెగి, పూసలు పూసలుగా రాలిపోయాయి.

ఆయన చాలాసేపు చూశాడు. తర్వాత అడిగాడు: “ఈ రెండో గిన్నె పాపం ఏం జేసింది బిడ్డా? దీన్ల గూడ మందేస్తె బతుకు గద?”

తను నవ్వింది. గొప్పగానే చెప్పింది. “అది లేకపోతే మందు పనిచేసిందని ఎట్ల తెలుస్తది నాయినా?”

నాలుగు నెలలు తిరక్కుండానే ఆయన చేతిలోంచి గింజలు జారడం మొదలైంది. మోటార్ న్యూరాన్ జబ్బు అన్నారు. రిలుజోల్ గోలీ పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి రాశారు.

గ్రేస్ పొట్లాలన్నీ చున్నీలో వేసుకుని వరండాలోకి వచ్చింది. మంచం మీద తండ్రి పక్కన పరిచింది.

“నువ్వు మందు లేని గిన్నెవా నాయినా?”

సోమయ్య మొహం వెలిగింది. కూతురు తన పని గుర్తుపట్టినందుకు ఆయనకు సంబరమైంది. “ఆఁ. మల్లేషేమో మందున్న గిన్నె. నెలకోపాలి సూర్యాపేట దవాఖానకు పోతం గద, డాక్టర్ సారును సూసినంక ఇద్దరం హోటల్ల కూసుంటం. చాయ్ సల్లారెదాక వడ్లు నలుసుడు. నాది నాకు, వానిది వానికి. పొట్లం గట్టి పేరు రాసి పెట్టిన. ఒక్క గింజ గూడ అటిటు కాలే.”

“నాయినా, నీకు పిచ్చి గిట్ల లేసిందా?” నరేష్ అరిచాడు.

“ఒర్లకు. మీ అక్కకు అర్థమైతది.”

“నేనిచ్చిన గోలీలు?” ఎస్తేరు అడిగింది. “దినాం రెండుపూటలు నా చేతుల్తోని ఇచ్చిన గద?”

“జేబుల ఏసుకున్న.”

ముప్పై మూడేళ్ల కాపురంలో ఆయన చెప్పిన మొదటి అబద్ధం ఇదేనేమో. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు ఎస్తేరు బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. మిల్లు వైపు నుంచి ఉప్పుడు బియ్యం ఆవిరి వాసన వచ్చింది.

నరేష్ ఫోన్ తీశాడు. “తాళం ఇయ్యకుంటె మానె. ఫోన్ల మాట్లాడ్త.” తండ్రి వద్దంటున్నా వినకుండా ఆయన ఫోన్‌లో మల్లేష్ నంబరు చూసి, తన దాంట్లో కొట్టి స్పీకర్ పెట్టాడు.

“ఎవలు?” అంది అవతలి గొంతు. వెనక చిన్నపిల్లల అల్లరి.

“సోమయ్య కొడుకును. మా నాయిన గోలీలు తింటున్నవట గద. నీకు జర సిగ్గనిపిస్తలేదా?”

అవతల పిల్లల అల్లరి కూడా ఆగిపోయింది. “అన్నా... పెద్దయ్యనే ఇచ్చిండన్నా. ఆయనకు రెండు డబ్బాలు వస్తున్నయని, ఒకటి ఊకెనే పడి ఉంటున్నదని చెప్పిండు. ఎందుకన్నా, ఏమైంది?”

నరేష్ తండ్రి వైపు చూశాడు. ఆయన మోకాళ్ల వైపు చూసుకుంటున్నాడు. అంటే ఇది రెండో అబద్ధం.

“పెద్దయ్య తింటలేడా అన్నా?” అన్నాడు మల్లేష్. “అయ్యో. యేసయ్య సాక్షి, నాకు తెల్వదన్నా. నాకొద్దు ఇగ. నా పెండ్లాం సరితను తోలుకొని ఇప్పుడే బస్సెక్కుత. ఉన్నయన్ని తెచ్చిస్త.”

గ్రేస్ ఫోన్ అందుకుంది. “మల్లేష్, నేను గ్రేస్. తేకు. మానకు కూడా. పొద్దున గోలీ వేసుకున్నవా?”

“ఏసుకున్నక్కా.”

“తిన్నంకనా, తినకముందా?”

“తిన్నంకనే. ఖాళీ కడుపున ఏసుకుంటె పేగులు పాడైతయంట గద.”

“ఇది అట్లాంటిది కాదు. తినడానికి గంట ముందే వేసుకో. తిన్నంక వేసుకుంటే సరిగ వంటబట్టదు. సరితకు కూడా చెప్పు. ఎవ్వరడిగినా తిరిగి ఇయ్యకు, సరేనా?”

అతను ఏడుస్తున్నాడో ఏమో, “సరే అక్కా” అన్న మాట సగమే వినిపించింది.

నరేష్ చెప్పులు విప్పి మూలకు విసిరాడు. కోపం పోలేదు, దాన్ని ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు. “ఎందుకు నాయినా? వాడు నీకేమైతడు?”

“ఏం గాడు. దవాఖాన లైన్ల నా ఎనక కూసున్నోడు.” సోమయ్య నెమ్మదిగా చెప్పాడు. “ముప్పై నాలుగేండ్లు. వానికి గూడ ఇదే జబ్బు, కాళ్లల్ల మొదలైంది. ఇద్దరు ఆడపిల్లలు. డాక్టర్ గోలీ రాస్తె చీటి మడిచి జేబుల పెట్టుకున్నడు. కొనలేడని మొఖం సూస్తె తెలుస్తలేదా? నేనేమో డాక్టర్ సారును అడిగిన, ఈ గోలీ పనిచేస్తదా సారూ అని. ఏమన్నడు? ఒక్క మనిషిని సూసి చెప్పలేమన్నడు. నేను ముప్పై ఏండ్లు నమూనా సూడకుండ ఒక్క బస్తాకు మాట ఇయ్యలే. నా పానం సంగతికి వస్తె ఊకెనే మింగుమంటె ఎట్ల?”

ఆయన ఆరో నెల పొట్లాలు రెండూ పక్కపక్కకు జరిపాడు. వేళ్లతో పట్టుకోలేక చేతి అంచుతో తోశాడు.

“ఇగ నువ్వు చెప్పు బిడ్డా. సదువుకున్నదానివి. మందు పనిచేసిందా, లేదా?”

ఆ ప్రశ్నలో ఉన్న గొయ్యి గ్రేస్‌కు కనిపించింది. పనిచేయలేదంటే, మరి నాకెందుకంటాడు. పనిచేసిందంటే, అయితే పిల్లలున్నోడు వాడే తిననీ అంటాడు. ఏ మాట చెప్పినా ఈయన గోలీ ముట్టడు.

“ఏందక్కా, చెప్పవేంది?” అన్నాడు నరేష్.

“తేలదు నాయినా.” ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. “ఇద్దరితోని తేలదు. ఈ జబ్బు ఇద్దరిలో ఒక్క తీరుగ నడవదు. నీకు చేతిల మొదలైంది. అతనికి కాళ్లల్ల మొదలైందన్నవ్. అతని చేతులు ఇప్పటికి బాగుండుడు గోలీ వల్లనో, జబ్బు అంతదాక పాకక పోవుడు వల్లనో నీ పొట్లాలు చెప్పలేవు.”

సోమయ్య మొహంలో వెలుగు తగ్గింది. “మరి ఎంతమందైతె తేలుతది?”

“వందలమంది. ఆ పరీక్ష ఎప్పుడో అయిపోయింది. తేలింది. అందుకే డాక్టర్ రాసిండు.”

“అయిపోయిందా? మరి నాకెందుకు చెప్పలే?”

ఇదీ అసలు ప్రశ్న. గ్రేస్ దీన్ని ఆరు నెలలుగా తప్పించుకుని తిరుగుతోంది. వచ్చిన ప్రతి ఆదివారం పళ్లు తెచ్చింది, దుప్పటి తెచ్చింది, ఫోన్‌లో పాటలు వేసిపెట్టింది. ఈ ఒక్క మాట తేలేదు.

“చెప్తే, ఎంత పనిచేస్తది అని అడుగుతవని.”

“అడుగుతున్న.”

“నయం చెయ్యదు. నెమ్మది చేస్తది.” ఆమె తండ్రి చేతిని రెండు చేతులతో పట్టుకుంది. “నరాల కణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది ఆ గ్లుటమేట్‌తోనే. మడికి నీళ్ల లెక్క అది. నీళ్లు లేకపోతే పంట లేదు. కానీ తూము మూసేటోడు లేకపోతే మడి మురిగిపోతది గద, ఈ జబ్బులో అట్లనే అయితది. ఈ గోలీ తూమును కొంచెం దించుతది. మురిగిన నారును లేపలేదు. ఉన్న నారు ఇంకొన్ని రోజులు నిలబడతది. అంతే.”

“ఎన్ని రోజులు?”

“లెక్కేస్తే... సగటున రెండు మూడు నెలలు నాయినా. కొందరికి ఎక్కువ.”

ఎస్తేరు “ప్రభువా” అంది. అంత చిన్న లెక్క ఆమె కూడా ఇప్పుడే వింటోంది. నరేష్ గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. సూర్యాపేటలో మందుల ఏజెన్సీలో పనిచేస్తాడు, రోజూ వందల డబ్బాలు చేతుల్లోంచి పోతాయి. ఆ డబ్బాలో ఉన్నది ఇంతేనని అతనికీ తెలియదు.

సోమయ్య మాత్రం లెక్క వేసుకుంటున్నాడు. పెదాలు కదిలాయి.

“రెండు మూడు నెలలంటె తక్కువేం గాదు,” అన్నాడు చివరికి. “నాటు ఏసి, మూడు నెలలు కాపాడుకుంటె పంట చేతికొస్తది. ఒక పంట అన్నమాట.”

“అవును.”

“మరి అదేదో మల్లేష్‌కే పోనియ్యి. వాని పిల్లలు చిన్నోళ్లు. మీరు పెద్దగైన్రు.”

గొయ్యి కనిపించినా అందులోనే పడింది గ్రేస్. ఏడుపు తన్నుకొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు. “మాకొద్దా నువ్వు? మేం పెద్దగైతే నువ్వు మాకు అక్కర్లేదా? ఆరు నెలలు నాయినా! ఆరు నెలల్లో నీ చేతిల పోయిన కణం ఒక్కటి కూడా తిరిగి రాదు. నీ గిన్నె ఊకెనే ఎండిపోయింది. నువ్వు పెట్టిన పరీక్షతో ఏం తేల్లే. ఏం తేల్లే!”

ఆయన కూతురి తల మీద చెయ్యి వేయబోయాడు. చెయ్యి అనుకున్న చోటుకు పోక భుజం మీద పడింది. అక్కడే ఉంచాడు.

కొంచెంసేపటికి గ్రేస్ మొహం తుడుచుకుంది. “ఒక రూలు ఉంది. నీకు లేబుల చెప్పలే, తప్పు నాదే. మనుషుల మీద పరీక్ష పెడితే, మందు పనిచేస్తదని తేలిన దినమే పరీక్ష ఆపాలె. మందు లేనోళ్లకు కూడా మందియ్యాలె. తెలిసి కూడా ఒక్కణ్ణి ఎండబెట్టుడు పాపం. గాజు గిన్నె వేరు, మనిషి వేరు.”

సోమయ్య ఆమె కళ్లలోకి చూశాడు, తేమ ఎక్కువున్న వడ్లను ఎండినవని చెప్పే రైతును చూసినట్టు. “నన్ను మాటలతోని తింపుతున్నవా?”

“కోదాడల నా కాలేజీ పిల్లలకు చెప్పే పాఠమే ఇది. కావాలంటే పుస్తకం తెచ్చి చూపిస్త.”

“రెండు గిన్నెలకూనా?”

“రెండింటికీ.”

“మరి మల్లేష్ డబ్బా?”

గోడ వైపు తిరిగి ఉన్న నరేష్ అట్లాగే అన్నాడు, “తెస్తలే. రెండు డబ్బాలు తెస్త. మా సార్‌కు చెప్పి తక్కువ ధరకు తెస్త. వానిది నేనే గరిడేపల్లి పోయి ఇచ్చొస్త. కొట్టనులే అమ్మా, అట్ల సూడకు.”

ఎస్తేరు చాలాసేపటి తర్వాత నవ్వింది. కొంగుముడి విప్పి బండి తాళం కొడుకు చేతిలో పెట్టింది.

నరేష్ బ్యాగులో ఈ నెల డబ్బా అట్లాగే ఉంది. గ్రేస్ దాన్ని చింపి గోలీల షీటు తీసింది. పొద్దున్నుంచి ఆయన కడుపులో చాయ్ తప్ప ఏమీ పడలేదు. ఇదే మంచి సమయం. సోమయ్య షీటు తనకిమ్మని చెయ్యి చాపాడు. బొటనవేలితో నొక్కాడు. రేకు చిరగలేదు. మళ్లీ నొక్కాడు. ఎస్తేరు అందుకోబోతే ఆగమన్నాడు. చివరికి పంటికింద పెట్టి కొరికి చింపాడు. ముప్పై ఏళ్లు వడ్లగింజ కొరికిన పన్ను అది, గోలీకి గాటు కూడా పడలేదు.

“సూసిన్రా,” అన్నాడు గర్వంగా. అందరూ నవ్వారు. ఆరు నెలల తర్వాత ఆ ఇంట్లో నలుగురూ ఒకేసారి నవ్వారు.

గోలీ నాలుక మీద పెట్టుకున్నాడు. గ్రేస్ గ్లాసు పట్టి నీళ్లు తాగించింది. ఒక గుక్క దిగింది. రెండో గుక్కకు పొలమారింది. ముక్కులోంచి నీళ్లు వచ్చాయి. కళ్లు ఎర్రబడి, మంచం పట్టె పట్టుకుని దగ్గాడు, దగ్గాడు, ఊపిరి అందేదాకా దగ్గాడు. గోలీ మాత్రం కడుపులోకి పోయింది.

ఎస్తేరు లేచి వచ్చి భర్త నడినెత్తిన మెత్తగా తట్టింది. “ఏం గాదు, ఏం గాదు. మల్లేషే తలుసుకుంటుండొచ్చు.”

గ్రేస్ చేతిలో గ్లాసు అట్లాగే ఉండిపోయింది. ఇందాక లోపలి గదిలో విన్న దగ్గు ఇప్పుడు చెవిలో పడింది. గొంతు కండరాలు. మింగించే నరాల దాకా పాకింది జబ్బు. ఆమె అడుగుదామా వద్దా అనుకుంది. అడిగింది.

“అమ్మా, ఇట్ల ఎన్ని దినాల సంది?”

“ఏది, ఇదా?” ఎస్తేరు ఇంకా నవ్వుతూనే ఉంది. నెత్తి మీద చెయ్యి ఆగలేదు. “పది పదిహేను దినాలైతుంది బిడ్డా. మీ నాయిన నీళ్లు తాగితె సాలు, దినాం ఎవరో ఒకరు తలుస్తనే ఉన్నరు.”

సోమయ్య భుజం మీది తువ్వాలుకు మూతి ఆనించి తుడుచుకున్నాడు. కూతురి వైపు మాత్రం చూడలేదు.